ఢీకొంటున్న గెలాక్సీల్లో కొత్త నక్షత్ర గుచ్ఛాలు: ఇన్‌ఫ్రారెడ్ ఏం చూపిస్తుంది, ఎక్కడ తడబడుతుంది

మీరు ఒక ప్రశ్న అని రాశారు గానీ అందులో మూడున్నాయి. గెలాక్సీలు ఢీకొన్నప్పుడు నక్షత్రాలు ఒకదానికొకటి తగలవంటారు కదా, మరి కొత్త నక్షత్రాలు అక్కడ కుప్పలు తెప్పలుగా ఎందుకు పుడతాయి? వాటిని చూడటానికి, ఎరుపు అవతల కంటికి కనిపించని కాంతిని పట్టే జేమ్స్ వెబ్ లాంటి ఇన్‌ఫ్రారెడ్ టెలిస్కోపే ఎందుకు కావాలి? ఆ గుచ్ఛం (కలిసి పుట్టిన నక్షత్రాల గుంపు) వయసు నలభై లక్షల ఏళ్లు, ఈ గుచ్ఛం వయసు కోటి ఏళ్లు అని ఎలా చెబుతారు? హైదరాబాద్‌లో ఎమ్మెస్సీ ఫిజిక్స్ చదువుతున్నానని, ఇంట్లో కూర్చుని చేయగలిగే ప్రాజెక్టు ఏదైనా ఉందా అని కూడా అడిగారు. ఇన్‌ఫ్రారెడ్ డేటాతో చాలా ఏళ్లు పనిచేశాను, పిల్లలకు నేర్పాను కూడా. అందుకని కాస్త వివరంగానే రాస్తాను.

మీ ప్రశ్నకు ఇప్పటికే ఒకరు "ఇన్‌ఫ్రారెడ్ దుమ్ములోంచి చూస్తుంది, అంతే" అని జవాబిచ్చారు. అది సగం నిజం. ఆ సగంతోనే ప్రాజెక్టు మొదలుపెడితే మాత్రం ఇబ్బంది పడతారు. కాంతి తరంగం పొడవును ఇక్కడ మైక్రాన్లలో కొలుస్తారు, మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. 2 మైక్రాన్ల దగ్గర తీసిన చిత్రమూ ఇన్‌ఫ్రారెడ్డే, 15 మైక్రాన్ల దగ్గర తీసిందీ ఇన్‌ఫ్రారెడ్డే. మొదటి దాంట్లో ఎక్కువగా నక్షత్రాలు కనిపిస్తాయి. రెండో దాంట్లో కనిపించేది ఆ నక్షత్రాలు వేడెక్కించిన దుమ్ము. ఈ తేడా మనసులో ఉంచుకుంటే మిగతాదంతా సులువుగా అర్థమవుతుంది.

ముందు ఢీకొనడం సంగతి. సూర్యుడు ఒక సెంటీమీటరు శనగగింజ అనుకుని చార్మినార్ దగ్గర పెట్టండి. మనకు అన్నిటికన్నా దగ్గరి నక్షత్రం ప్రాక్సిమా సెంటారీ 4.24 కాంతి సంవత్సరాల దూరంలో ఉంది. ఆ లెక్కన రెండో గింజను పెట్టడానికి విజయవాడ దాటి ఇంకా ముందుకెళ్లాలి, సుమారు 290 కిలోమీటర్లు. అదీ ఆవగింజంతే ఉంటుంది. మధ్యలో ఏమీ లేదు. కాబట్టి రెండు గెలాక్సీల నక్షత్రాలు ఒకదాంట్లోంచి ఒకటి హాయిగా దాటిపోతాయి. గెలాక్సీల పరిస్థితి అలా కాదు. మన పాలపుంత వెడల్పు సుమారు లక్ష కాంతి సంవత్సరాలు, ఆండ్రోమెడా దూరం సుమారు 25 లక్షలు. అంటే మధ్య దూరం వెడల్పుకు పాతిక రెట్లే. గెలాక్సీలు గుద్దుకోవడం అందుకే మామూలు విషయం.

నక్షత్రాల సంగతి అలా ఉంటే, వాటి మధ్య ఉన్న వాయువు తప్పించుకోలేదు. నక్షత్రాలు పుట్టే అణు మేఘాలు ఒక్కొక్కటి వంద కాంతి సంవత్సరాలు, అంతకుమించి వెడల్పు ఉంటాయి. సెకనుకు వంద, రెండు వందల కిలోమీటర్ల వేగంతో వాయువు వాయువును గుద్దినప్పుడు అది నలిగిపోతుంది, పీడనం విపరీతంగా పెరుగుతుంది. దానికి తోడు ఒక గెలాక్సీ గురుత్వం రెండో దానిలోని వాయువు వేగాన్ని తగ్గించి కేంద్రం వైపు జారేలా చేస్తుంది. కాబట్టి కొత్త నక్షత్రాలు రెండు చోట్ల పోగుపడతాయి: కేంద్రాల్లో, రెండు గెలాక్సీలు ఒకదానిపై ఒకటి పడిన చోట. ఈ రెండో చోటే మన కథలో ముఖ్యం.

ఇలా పుట్టే గుచ్ఛాలు మన కృత్తికల్లాంటివి కావు. కృత్తికల మొత్తం బరువు కొన్ని వందల సూర్యులంత. ఢీకొంటున్న గెలాక్సీల్లో పుట్టే పెద్ద గుచ్ఛాల బరువు లక్ష సూర్యుల నుంచి పదుల లక్షల దాకా వెళ్తుంది. వెడల్పేమో ఇరవై, ముప్ఫై కాంతి సంవత్సరాలు. పాలపుంతలో ఈ జాతికి కాస్త దగ్గరగా వచ్చేది వెస్టర్‌లుండ్ 1. పొరుగున పెద్ద మాగెల్లాన్ మేఘంలో ఆర్136 ఉంది. వీటినే సూపర్ స్టార్ క్లస్టర్లు అంటారు. పాలపుంత చుట్టూ తిరిగే 150కి పైగా గోళాకార గుచ్ఛాలు వెయ్యి కోట్ల ఏళ్ల కిందట ఇలాంటి పరిస్థితుల్లోనే పుట్టి ఉంటాయని చాలామంది భావిస్తారు. అందుకే వీటిపై ఇంత ఆసక్తి. ఎప్పుడో ముగిసిపోయిన ఘట్టం ఇప్పుడు మన కళ్ల ముందు జరుగుతున్నట్టు.

ఇక యాంటెన్నే గెలాక్సీల దగ్గరకొద్దాం. ఈ రంగంలో ఎవరైనా మొదట నేర్చుకునేది వీటితోనే. ఎన్‌జీసీ 4038, 4039 అనే రెండు గెలాక్సీలు, దూరం సుమారు 7 కోట్ల కాంతి సంవత్సరాలు. వీటిని 1785లో విలియం హెర్షెల్ కనిపెట్టాడు. పదిహేనేళ్ల తర్వాత, 1800లో, సూర్యకాంతిని ప్రిజంతో విడగొట్టి ఎరుపు అవతల థర్మామీటరు పెట్టి ఇన్‌ఫ్రారెడ్‌ను కనిపెట్టింది కూడా ఆయనే. ఆ గెలాక్సీల అసలు రహస్యం ఆ కొత్త కిరణాల్లోనే ఉందని తెలియడానికి ఇంకో రెండు వందల ఏళ్లు పట్టింది.

ఈ జంట నుంచి యాంటెన్నాల్లా సాగిన పొడవాటి తోకలు గుద్దుకోవడం వల్లే వచ్చాయని 1972లో ఆలార్ టూమ్రే, యూరి టూమ్రే అన్నదమ్ములు కంప్యూటర్ లెక్కలతో చూపించారు. తర్వాత హబుల్ అంతరిక్ష టెలిస్కోప్ వచ్చింది. 1995లో బ్రాడ్ విట్‌మోర్, ఫ్రాంస్వా ష్వైట్సర్ హబుల్ చిత్రాల్లో 700కి పైగా కొత్త గుచ్ఛాల జాబితా వేశారు. ఎక్కువ భాగం నీలంగా, మెరుస్తూ ఉన్నాయి. చూసినవాళ్లకు ఇక కథ తెలిసిపోయినట్టే అనిపించింది.

ఆ జాబితాలో 80వ నంబరు గుచ్ఛం ఒకటుంది. రెండు గెలాక్సీలు కలిసే చోట, దుమ్ము మధ్య, బాగా ఎర్రగా, నీరసంగా ఉన్న చుక్క. ఎవరూ దాని దగ్గర ఆగాల్సిన పని లేదు. 1998లో ఫెలిక్స్ మిరాబెల్ బృందం యూరప్ వాళ్ల ఐఎస్ఓ ఉపగ్రహంతో 15 మైక్రాన్ల దగ్గర అదే చోటును చూసింది. ఆ నీరసపు చుక్క దగ్గరి నుంచి, సుమారు 50 పార్సెక్‌ల (160 కాంతి సంవత్సరాల) వ్యాసార్థం ఉన్న ముద్ద నుంచి, రెండు గెలాక్సీలు కలిపి 12.5 నుంచి 18 మైక్రాన్ల మధ్య ఇచ్చే వెలుగులో దాదాపు 15 శాతం వస్తోందని తేలింది. రెండు గెలాక్సీల ఆ వెలుగులో ఏడో వంతు ఒక్క చోటి నుంచి! అదీ కేంద్రాల్లోంచి కాదు. మామూలు కాంతిలో అక్కడ చూడటానికేమీ లేదు. 2000లో హవాయిలోని కెక్ టెలిస్కోప్ 'దగ్గరి ఇన్‌ఫ్రారెడ్'లో, అంటే కంటికి కనిపించే కాంతికి దగ్గరగా ఉండే ఇన్‌ఫ్రారెడ్‌లో, వర్ణపటం తీసి, ఆ గుచ్ఛం వయసు సుమారు 40 లక్షల ఏళ్లని, దాని ముందున్న దుమ్ము మామూలు కాంతిని 9, 10 మాగ్నిట్యూడ్ల మేర తగ్గిస్తోందని చెప్పింది.

ఈ 10 మాగ్నిట్యూడ్ల సంగతి దగ్గర కాసేపు ఆగాలి, ఎందుకంటే మీ రెండో ప్రశ్నకు జవాబు ఇదే. మాగ్నిట్యూడ్ అంటే వెలుగును కొలిచే మెట్టు; 10 మాగ్నిట్యూడ్లు అంటే పదివేల రెట్లు. గుచ్ఛం నుంచి బయలుదేరిన ఆకుపచ్చ కాంతిలో పదివేలలో ఒక వంతే బయటికొస్తుంది. అదే దుమ్ము 2.2 మైక్రాన్ల కాంతిని దాదాపు తొమ్మిదో వంతు మాగ్నిట్యూడ్ల మేరకే, అంటే సుమారు 1.1 మాగ్నిట్యూడ్ తగ్గిస్తుంది. లెక్క కడితే 2.8 రెట్లు కూడా లేదు. దుమ్ము రేణువులు మైక్రాన్‌లో పదో వంతు, అంతకన్నా చిన్నవి. తరంగం వాటికన్నా బాగా పొడవైతే వాటికి పెద్దగా చిక్కదు. ఇది దగ్గరి ఇన్‌ఫ్రారెడ్ చేసే పని: 1 నుంచి 2.5 మైక్రాన్ల దాకా, దుమ్ము వెనకున్న నక్షత్రాలనే చూపిస్తుంది.

5 మైక్రాన్లు దాటాక, అంటే మధ్య ఇన్‌ఫ్రారెడ్ నుంచి, ఆట మారిపోతుంది. మింగిన కాంతి ఎక్కడికీ పోదు కదా. అతినీలలోహిత కాంతిని మింగిన దుమ్ము వేడెక్కి, ఆ శక్తినంతా 10, 20, 60, 100 మైక్రాన్ల దగ్గర తిరిగి వెదజల్లుతుంది. దుమ్ము ఎంత గట్టిగా దాచితే అక్కడ అంత బాగా వెలుగుతుంది. 80వ నంబరు గుచ్ఛం బయటపడింది ఇలాగే. ఇంకో రకం వెలుగు కూడా ఉంది. పాలీసైక్లిక్ ఆరోమాటిక్ హైడ్రోకార్బన్లు అనే పెద్ద కార్బన్ అణువులు 3.3, 6.2, 7.7, 11.3 మైక్రాన్ల దగ్గర ప్రత్యేకంగా మెరుస్తాయి. వెబ్ చిత్రాల్లో మీరు చూసే ఆ అందమైన నారింజ రంగు అల్లికల్లో చాలా భాగం ఇదే. అయితే జాగ్రత్త: ఈ అణువులు గుచ్ఛం పక్కనే ఉండే తీవ్రమైన కాంతికి తట్టుకోలేక విడిపోతాయి, అంచుల్లోనే మిగులుతాయి. పాత నక్షత్రాల కాంతికి కూడా మెరుస్తాయి. కాబట్టి 8 మైక్రాన్ల చిత్రంలో వెలుగు కనిపించిన ప్రతిచోటా గుచ్ఛం పుడుతోందని రాసేయకండి. విద్యార్థుల రిపోర్టుల్లో ఈ వాక్యం నేను తరచూ చూస్తుంటాను.

ఇన్‌ఫ్రారెడ్‌కు దుమ్మే అడ్డు రాదనుకోవడం కూడా సరికాదు. సిలికేట్ రేణువులు 9.7 మైక్రాన్ల దగ్గర గట్టిగా మింగుతాయి. ఢీకొని కలిసిపోతున్న ఆర్ప్ 220 గెలాక్సీ లాంటి చోట్ల వర్ణపటంలో ఆ చోట పెద్ద గుంట పడుతుంది. అక్కడ కేంద్రం ఎంత మూసుకుపోయిందంటే మధ్య ఇన్‌ఫ్రారెడ్ కూడా పూర్తిగా లోపలికి చూడలేదు. అప్పుడు రేడియో, మిల్లీమీటరు తరంగాలే దిక్కు.

ఇప్పుడు వయసు. మీ మూడు ప్రశ్నల్లో ఇదే కష్టమైనది, నాకు అన్నిటికన్నా ఇష్టమైనది కూడా. అసలు చిక్కేమిటంటే ఎరుపు రంగుకు కారణాలు చాలా. గుచ్ఛం ముందు దుమ్ముంటే ఎర్రగా కనిపిస్తుంది. వయసు పైబడి నీలి నక్షత్రాలు పోయినా ఎర్రగా కనిపిస్తుంది. రెండు ఫిల్టర్లలో వెలుగు కొలిచి తేడా తీస్తే, పది లక్షల ఏళ్ల దుమ్ముకొట్టుకున్న గుచ్ఛమూ, వంద కోట్ల ఏళ్ల శుభ్రమైన గుచ్ఛమూ ఒకేలా ఉండొచ్చు. కేవలం రంగుతో వయసు చెప్పే పేపరు ఏది కనిపించినా మొదట దుమ్మును ఎలా విడదీశారో వెతకండి.

విడదీయడానికి నక్షత్రాల జీవితాలే సాయం చేస్తాయి. బాగా బరువైన, 'O' తరగతి అని పిలిచే నక్షత్రాలు చుట్టూ ఉన్న హైడ్రోజన్‌ను అయనీకరిస్తాయి, అంటే దాని ఎలక్ట్రాన్లను ఊడగొడతాయి. ఆ హైడ్రోజన్ 1.87 మైక్రాన్ల దగ్గర పాషెన్ ఆల్ఫా, 2.17 దగ్గర బ్రాకెట్ గామా అనే రేఖలు (వర్ణపటంలో మెరిసే గీతలు) ఇస్తుంది. ఆ నక్షత్రాల్లో అతి బరువైనవి అరవై, డెబ్భై లక్షల ఏళ్లకు మించి బతకవు. అవి పోతే రేఖలూ పోతాయి. కాబట్టి వర్ణపటంలో బ్రాకెట్ గామా బలంగా ఉంటే, దుమ్ము ఎంతున్నా సరే, గుచ్ఛం కొత్తదే. నేపథ్య వెలుగుతో పోలిస్తే రేఖ ఎంత బలంగా ఉందో కొలిస్తే అదే గడియారం అవుతుంది. రేఖా, దాని పక్కనున్న నేపథ్యమూ ఒకే తరంగదైర్ఘ్యం దగ్గరవి. ఒకే దుమ్ములోంచి వస్తే రెండూ ఒకేలా తగ్గుతాయి, నిష్పత్తి చెడదు. ఈ పద్ధతి అందం ఇక్కడే ఉంది.

తర్వాత దశలో ఇంకో గుర్తు మొదలవుతుంది. సుమారు ఎనభై లక్షల నుంచి కోటి ఏళ్ల దగ్గర కొన్ని బరువైన నక్షత్రాలు ఉబ్బి ఎర్ర మహాతారలు అవుతాయి. వాటి చల్లని వాతావరణంలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది, అది 2.3 మైక్రాన్ల దగ్గర వర్ణపటంలో పట్టీలుగా కోత పెడుతుంది. బ్రాకెట్ గామా ఉండి ఈ పట్టీలు లేకపోతే అరవై, డెబ్భై లక్షల ఏళ్ల లోపు, పట్టీలుండి రేఖ లేకపోతే కోటి ఏళ్లకు అటూఇటూ. మధ్య ఇన్‌ఫ్రారెడ్‌లో 12.8 మైక్రాన్ల, 15.6 మైక్రాన్ల నియాన్ రేఖల నిష్పత్తి మరో సాక్ష్యం. అది అక్కడి అతినీలలోహిత కాంతి ఎంత తీవ్రమైనదో, అంటే అతి బరువైన నక్షత్రాలు ఇంకా మిగిలి ఉన్నాయో లేదో చెబుతుంది.

ఇక్కడే ఒక ఉచ్చు ఉంది. ఎర్ర మహాతారలు 2.2 మైక్రాన్ల దగ్గర విపరీతంగా వెలుగుతాయి. దాంతో పుట్టిన నలభై లక్షల ఏళ్లకు ఉన్నదాని కన్నా కోటి ఏళ్లకు అదే గుచ్ఛం ఆ చిత్రంలో మరింత ప్రకాశంగా కనిపించొచ్చు. అంటే ఇన్‌ఫ్రారెడ్‌లో అందరికన్నా వెలుగుతున్నది అందరికన్నా చిన్నది కానక్కర్లేదు. పైగా పది వేల సూర్యుల కన్నా తక్కువ బరువున్న గుచ్ఛాల్లో అలాంటి మహాతార ఒకటుందా, లేదా అన్నదే మొత్తం రంగును మార్చేస్తుంది. ఒక్క నక్షత్రం అటూఇటూ అయితే మోడల్ చెప్పే వయసు రెండింతలు మారుతుంది. చిన్న గుచ్ఛాల వయసుల పట్టికను అందుకే పెద్దగా నమ్మను. బరువైన వాటితోనే మొదలుపెట్టమని విద్యార్థులకు చెబుతాను.

దూరం కూడా ఊరికే వదిలేసే అంకె కాదు. యాంటెన్నే గెలాక్సీల దూరం 13 మెగాపార్సెక్‌లేనని (సుమారు 4.2 కోట్ల కాంతి సంవత్సరాలు) ఒక దశలో కొందరు అన్నారు. 2007లో అక్కడ పేలిన సూపర్‌నోవా ఎస్ఎన్ 2007ఎస్ఆర్ సాయంతో 22 మెగాపార్సెక్‌లు, అంటే పైన చెప్పిన 7 కోట్ల కాంతి సంవత్సరాలే, సరైనదని తేలింది. 13 అయితే ప్రతి గుచ్ఛం వెలుగు, బరువు దాదాపు మూడో వంతుకు పడిపోయేవి.

"అంటే కొత్త గుచ్ఛాలన్నీ దుమ్ములో దాగి ఉంటాయన్నమాట" అనే మాట తరచుగా వినిపిస్తుంది, మీ ప్రశ్నలోనూ ఉంది. దీన్ని సరిచేయాలి. యాంటెన్నేలో వేడి వాయువు నుంచి రేడియో తరంగాలు బలంగా వచ్చే చోట్లను హబుల్ చిత్రాలతో పోల్చి చూసినప్పుడు దాదాపు 85 శాతానికి మామూలు కాంతిలోనూ జోడీ దొరికింది. బరువైన నక్షత్రాల గాలులు, కాంతి పీడనం కలిసి చుట్టూ ఉన్న దుమ్మును తొందరగానే ఊడ్చేస్తాయి. పూర్తిగా కప్పబడి ఉండే దశ పది లక్షల ఏళ్ల స్థాయిదే. కాబట్టి ఇన్‌ఫ్రారెడ్ లేకపోతే గుచ్ఛాల సంఖ్యలో నష్టం మరీ ఎక్కువేమీ కాదు. కోల్పోయేది అతి తొలి దశను. 80వ నంబరు విషయంలో చూశాం, ఒక్కోసారి వెలుగులో పెద్ద వాటా ఆ దశలోనే ఉంటుంది. ఆ దశకు ముందటి దాన్ని కూడా చిలీలోని ఆల్మా దుర్భిణి పట్టుకుంది. యాంటెన్నేలోనే, కనీసం 33 లక్షల సూర్యుల బరువున్న వాయువు ముద్ద, 80 కాంతి సంవత్సరాల లోపు వ్యాసార్థంలో. లోపల నక్షత్రాల జాడ లేదు. చుట్టూ పీడనం మామూలు నక్షత్రాంతర వాయువు కన్నా వేల రెట్లు. దాని వివరాలతో 2015లో పేపరు వచ్చింది; దానికి ఫైర్‌క్రాకర్ అని ముద్దుపేరు.

ఢీ ఇంకా ముదిరిన గెలాక్సీల్లో దాపరికం ఎక్కువ. 1983లో ఐరాస్ ఉపగ్రహం ఆకాశమంతా గాలించినప్పుడు, ఇన్‌ఫ్రారెడ్‌లోనే లక్ష కోట్ల సూర్యులంత వెలుగు ఇచ్చే గెలాక్సీలు బయటపడ్డాయి. తర్వాత చూస్తే దాదాపు అన్నీ ఢీకొన్నవే. వాటికన్నా ఒక మెట్టు కింద ఉండే వీవీ 114 అనే జంటను వెబ్ తొలి ఏడాదిలోనే చూసింది. 2023లో వచ్చిన విశ్లేషణలో దొరికిన గుచ్ఛాల్లో దాదాపు 20 శాతం హబుల్ చిత్రాల్లో అసలు లేవు. ఐదింట ఒకటి. ఇది హబుల్ తప్పేమీ కాదు, చూసిన తరంగదైర్ఘ్యం అంతవరకే పనికొస్తుంది.

మరి 1998లోనే తెలిసిన సంగతికి వెబ్ ఎందుకంటే, స్పష్టత కోసం. యాంటెన్నే దూరంలో ఒక ఆర్క్ సెకను (డిగ్రీలో 3600వ వంతు) అంటే సుమారు 350 కాంతి సంవత్సరాలు. వెబ్‌కు ముందున్న ఇన్‌ఫ్రారెడ్ అంతరిక్ష టెలిస్కోప్ స్పిట్జర్ అద్దం 85 సెంటీమీటర్లు, 8 మైక్రాన్ల దగ్గర దాని స్పష్టత 2 ఆర్క్ సెకన్లు. అంటే 700 కాంతి సంవత్సరాల మేర ఉన్నవన్నీ ఒకే మసక ముద్దగా వస్తాయి. అందులో ఒక గుచ్ఛం ఉందో పది ఉన్నాయో చెప్పలేం. వెబ్ అద్దం 6.5 మీటర్లు. 2 మైక్రాన్ల దగ్గర 0.07 ఆర్క్ సెకన్లు, అంటే పాతిక కాంతి సంవత్సరాలు. దాదాపు గుచ్ఛం సైజుకు దిగినట్టే. 15 మైక్రాన్ల దగ్గర మాత్రం వెబ్ కూడా అర ఆర్క్ సెకను దగ్గరే ఆగుతుంది. భౌతికశాస్త్రం ఒప్పుకోదు.

ఇంకో అడ్డంకి వేడి. మన ఒంటి వేడి, గోడల వేడి, టెలిస్కోప్ వేడి అన్నీ 300 కెల్విన్ చుట్టుపక్కలే. ఆ ఉష్ణోగ్రత దగ్గర వస్తువులు అత్యధికంగా వెలిగేది దాదాపు 10 మైక్రాన్ల దగ్గర. పైన నీటి ఆవిరి కూడా అడ్డం. అందుకే వెబ్‌ను 15 లక్షల కిలోమీటర్ల దూరం పంపి, నీడలో పెట్టి, దాని మధ్య ఇన్‌ఫ్రారెడ్ కెమెరాను 7 కెల్విన్ కిందికి చల్లబరిచారు.

ఈ సందర్భంలో మన ఊరి సంగతి చెప్పకుండా ఉండలేను. ఈసీఐఎల్ పక్కన టాటా ఇన్‌స్టిట్యూట్ బెలూన్ కేంద్రం ఉంది. అక్కడి నుంచి 100 సెంటీమీటర్ల దూర ఇన్‌ఫ్రారెడ్ టెలిస్కోప్‌ను భారీ బెలూన్‌కు కట్టి దాదాపు 30 కిలోమీటర్ల ఎత్తుకు పంపేవారు. నీటి ఆవిరి పొర కింద ఉండిపోతుంది. 150, 210 మైక్రాన్ల దగ్గర మన పాలపుంతలో నక్షత్రాలు పుట్టే మేఘాలను కొలిచి తెచ్చేవారు. జపాన్ శాస్త్రజ్ఞులతో కలిసి 158 మైక్రాన్ల అయనీకృత కార్బన్ రేఖను కూడా కొలిచారు. బెలూన్ ఎగిరే ముందు జిల్లాల్లో "పరికరం పడితే ముట్టుకోవద్దు, కబురు చేయండి" అని ప్రకటనలు ఇస్తారే, అదే ఇది. ఇన్‌ఫ్రారెడ్ ఖగోళశాస్త్రం అంటే నాసా అనుకునే మన పిల్లలకు ఈ విషయం తెలియకపోవడం నాకు నిజంగా బాధ కలిగిస్తుంది.

ఇక మీ ప్రాజెక్టు. హబుల్, వెబ్ డేటా మాస్ట్ ఆర్కైవ్‌లో, స్పిట్జర్ డేటా ఇర్సా ఆర్కైవ్‌లో ఉచితం. లాప్‌టాప్, పైథాన్, అందులో ఖగోళ డేటాకు వాడే ఆస్ట్రోపై, ఫోట్‌యుటిల్స్ అనే ప్యాకేజీలు చాలు. మాస్ట్‌లో వెబ్ ప్రోగ్రామ్ నంబరు 1328 అని వెతకండి. వీవీ 114 అందులోనే ఉంది, ఎన్‌జీసీ 3256 కూడా ఉంది. తొలి విడత ప్రోగ్రామ్ కాబట్టి మొదటి రోజు నుంచే అందరికీ తెరిచి ఉంచారు. 1.5, 2.0, 3.56 మైక్రాన్ల చిత్రాలు దింపుకుని, చుక్కలు వెతికి, వెలుగు కొలిచి, రెండు రంగుల గ్రాఫ్ వేయండి (ఇక్కడ రంగు అంటే రెండు ఫిల్టర్ల వెలుగుల మధ్య తేడా). దుమ్ము చుక్కలను ఆ గ్రాఫ్‌లో ఒక దిక్కుకు నెడుతుంది, వేడి దుమ్ము సొంత వెలుగు మరో దిక్కుకు నెడుతుంది. ఆ రెండు దిక్కులు విడిపోవడం మీ కళ్లతో మీరే చూస్తారు. తర్వాత అవే చోట్లను పాత హబుల్ చిత్రంలో వెతికి, ఏవి మాయమయ్యాయో గుర్తు పెట్టుకోండి. మొదటి ప్రాజెక్టుకు ఇది సరిపోతుంది. వయసుల జోలికి ఇప్పుడే వెళ్లకండి.

వీవీ 114 యాంటెన్నే కన్నా దాదాపు నాలుగు రెట్లు దూరం. అక్కడ 1.5 మైక్రాన్ల చిత్రంలో కూడా ఒక చుక్క అంటే అరవై, డెబ్భై కాంతి సంవత్సరాల మేర ప్రాంతం. అది ఒకే గుచ్ఛం కాకుండా నాలుగైదు గుచ్ఛాల గుంపు కావచ్చు. రిపోర్టులో "గుచ్ఛం" అని కాకుండా "గుచ్ఛంగా భావించదగినది" అని రాయండి.

సొంతంగా పరిశీలనలు చేయాలంటే మన దేశంలోనే, ఉత్తరాఖండ్‌లోని దేవస్థల్ 3.6 మీటర్ల టెలిస్కోప్‌కు టాన్‌స్పెక్ అనే వర్ణపట పరికరం ఉంది, 2.5 మైక్రాన్ల దాకా చూస్తుంది. నేల మీద గాలి కదలిక వల్ల విడివిడి గుచ్ఛాలు తేలకపోయినా, వెలుతురు ఎక్కువున్న ముద్దల్లో బ్రాకెట్ గామా వెతకడానికి పనికొస్తుంది. అది పీహెచ్‌డీ స్థాయి పని. మీ గైడ్‌తో మాట్లాడండి.

కంటితో చూడాలనిపిస్తే హస్తా నక్షత్రాన్ని పట్టుకోండి. ఏప్రిల్‌లో రాత్రి పది, పదకొండు మధ్య దక్షిణాన బాగా ఎత్తులో ఉంటుంది. ఆ నాలుగు నక్షత్రాల చట్రంలో వాయవ్య మూలనున్న దానికి పడమరగా సుమారు మూడున్నర డిగ్రీల దూరంలో యాంటెన్నే. నగరంలో కుదరదు. ఎనిమిది అంగుళాల టెలిస్కోప్‌తో అనంతగిరి వైపు వెళితే మసక మచ్చలా దొరకొచ్చు. మన నిజామియా వేధశాల గత శతాబ్దం మొదట్లో అంతర్జాతీయ ఆకాశ పటం కోసం కొలిచిన పట్టీ ఖగోళ మధ్యరేఖకు దక్షిణంగా 17 నుంచి 23 డిగ్రీల మధ్యది. యాంటెన్నే సుమారు దక్షిణ 19 డిగ్రీల దగ్గర, ఆ పట్టీలోనే ఉంది.

పని మొదలుపెట్టే ముందు రెండు జాగ్రత్తలు. 1.5 మైక్రాన్ల చిత్రం, 3.56 మైక్రాన్ల చిత్రం ఒకే స్పష్టతతో ఉండవు. పొడవైన తరంగాల చిత్రం ఎప్పుడూ మసకగానే ఉంటుంది. రెండింటినీ ఒకే మసకకు తెచ్చాకే రంగు తీయండి, లేకపోతే లేని దుమ్ము కనిపిస్తుంది. రెండోది, వెబ్ డేటా కొలతలు ఎక్కువగా ఏబీ మాగ్నిట్యూడ్లలో, పాత పేపర్లు ఎక్కువగా వేగా మాగ్నిట్యూడ్లలో ఉంటాయి; ఇవి సున్నాను వేర్వేరు చోట్ల పెట్టుకున్న రెండు కొలమానాలు. 2.2 మైక్రాన్ల దగ్గర ఈ రెండింటి మధ్య తేడా దాదాపు 1.9. గ్రాఫ్ వేశాక ఇక్కడే పెట్టండి, ఏ పద్ధతి వాడారో అక్షం మీద రాసి పెడితే చూసి చెబుతాను.